అర మిల్లీమీటర్ తేడా

మిషిగన్‌లోని ట్రాయ్. శనివారం మధ్యాహ్నం. ఇంటి గరాజ్‌లో ప్రణవి, ఆమె తండ్రి చక్రపాణి.

"అదేంటి ప్రణూ, బల్ల మీద... గిటార్ డొక్కా?"

"బాడీ నాన్నా. ఈ పొడుగు కాడ నెక్. వేరే వేరే చోట కొన్నా. రెండూ కలిపి బిగిస్తే గిటార్."

"వేరే వేరే చోటా? ఎందుకట?"

"చీప్ కాబట్టి. రంగు కూడా వెయ్యలేదు చూడు, వట్టి చెక్క. సౌండ్ పట్టే పికప్‌లూ వైర్లూ పాత గిటార్‌లోంచి పీకి పెడతా."

"పాతదాన్నే బాగు చేయించొచ్చుగా?"

"షాప్‌లో చూపించా. దానికి నెక్ జిగురుతో అతికించి ఉంది కదా, విరిగినప్పుడు బాడీ కూడా చీలింది. వేస్ట్ అన్నాడు."

"అంత ఎత్తు షెల్ఫ్ మీంచి పడితే మరి..."

"ఊఁ. షెల్ఫ్ మీంచి."

"ఏంటా ఊఁ?"

"ఏం లేదు. కొంచెం జరుగు, వెలుతురు రావట్లేదు."

"బాడీ గాడిలో నెక్ దిగట్లేదు. బలవంతం చెయ్యకు, చీలుద్ది. కాలిపర్ ఇలా ఇవ్వు."

"నేనే కొలుస్తా. నెక్ యాభై ఆరున్నర... గాడి యాభై ఆరు."

"అర మిల్లీమీటర్! మా ప్లాంట్‌లో ఇలాంటి పార్ట్ వస్తే మొహాన కొట్టి తిప్పి పంపిస్తాం."

"నేను పంపించను. శాండ్‌పేపర్ ఉంది. గాడి రుద్దుతా."

"చేతులు నొప్పెడతాయ్."

"పెట్టనీ."

"రేణు ఆంటీ వాళ్ల రుత్విక్ మెడిసిన్ అయిపోయి రెసిడెన్సీలో చేరాడట."

"కంగ్రాట్స్ చెప్పు."

"నీకూ మార్కులున్నాయి కదమ్మా, ఒక్కసారి ఎంట్రన్స్ రాసి..."

"నాన్నా, మెడిసిన్ చదవనని మార్చ్‌లోనే చెప్పా. ఇవాళ అడిగినా అదే. రేపు అడిగినా అదే. వచ్చే వారం మా బ్యాండ్ షో ఉంది. దీన్నే వాయిస్తా."

"ఈ అతుకుల బొంతనా? జనం నవ్వరూ?"

"నవ్వనీ. ట్యూన్‌లో ఉంటే చాలు. చూడు, ఇప్పుడు కూర్చుంది గాడిలో."

"కూర్చుంటే సరా? బిగించడం తెలుసా అసలు?"

"తెలీదు. వీడియోలు చూశా. నెక్‌కి హోల్స్ లేవు, నేనే డ్రిల్ చెయ్యాలి."

"డ్రిల్లా! లోతెక్కువైతే అవతలికి పొడుచుకొస్తుంది. ఇటివ్వు, నేను..."

"వద్దు."

"ఇరవై ఏడేళ్లుగా ఇదే పని తల్లీ నాది."

"వద్దన్నానా? నెక్ మీద చెయ్యి వెయ్యకు నాన్నా."

"నెక్ మీద... నేనా?"

"ఏంటి, అలా చూస్తావు?"

"ఏం లేదు. వెయ్యను. డ్రిల్ బిట్‌కి టేప్ చుట్టుకో, ఎంత లోతు కావాలో అక్కడ. టేప్ చెక్కకి తగలగానే ఆపెయ్."

"ఇలాగా?"

"నిటారుగా పట్టుకో. ఆఁ... ఆఁ... ఆపు! బాగా వచ్చింది. మిగతావీ అంతే. స్క్రూలకి కాస్త సబ్బు రాయి, సాఫీగా దిగుతాయి."

"దిగాయి! నాలుగూ దిగాయి. అస్సలు కదలట్లేదు చూడు."

"మళ్లీ పడితే?"

"స్క్రూలు విప్పుతా, వేరేది బిగిస్తా. జిగురు లేదుగా."

"ప్రణూ."

"ఊఁ."

"మార్చ్‌లో... నువ్వు చదవనని చెప్పి, తలుపు దఢాలున వేసి వెళ్లావే... ఆ గిటార్ షెల్ఫ్ మీంచి పడలేదమ్మా. నేనే... ఇదిగో, ఈ నేలకేసి కొట్టాను."

"తెలుసు నాన్నా. నేనెక్కడికీ వెళ్లలేదు, ఈ గరాజ్ ముందే, డ్రైవ్‌వేలో కార్లో కూర్చున్నా. షట్టర్ తెరిచే ఉంది. కొట్టాక నువ్వు కింద కూర్చుని ముక్కలన్నీ ఏరడం కూడా చూశా. అందుకే ఇన్నాళ్లూ అడగలేదు. ఎందుకైనా మంచిదని నెక్‌లు మాత్రం రెండు కొన్నా."