వెనకద్దం మీది రాత

భువనగిరి కార్ల షోరూంలో లోను కాగితాల ముందు అక్కాతమ్ముడు కూర్చున్నారు.

"అక్కా, జర గీడ సంతకం పెట్టు. ఉత్తగ షూరిటీయే."

"ఉత్తగనా? నువ్వు కిస్తీ ఎగ్గొడితే బ్యాంకోళ్లు నా మగ్గం కాడికే వస్తరు. రేపు నూలుకు నాకు లోను గూడ పుట్టది."

"ఎగ్గొట్టనే! సూడు, ఎర్ర కారు ఎట్ల మెరుస్తాందో! మొదలు నిన్నే ఎక్కించుకొని గుట్ట మీది గుడికి తీస్కపోత."

"ముందల సీట్ల కూసుంట."

"ముందలనే! ఎనక అద్దం మీద 'అక్క దీవెన' అని గూడ రాపిస్త."

"దీవెన వద్దు. 'అక్క షూరిటీ' అని రాపియ్యి."

"ఊరంత నవ్వుతరే!"

"నవ్వనీ. నెలనెలా కిస్తీ కట్టినవా అని ఊరంత నిన్ను అడుగుతరు. నాకు అడిగే పని తప్పుతది."

"సరే, రాపిస్త తియ్యి!"

"పెద్దక్షరాలు పెట్టియ్యి. మగ్గం కాడ కూసున్నా నాకు కనవడాలె. ఇగ పెన్నియ్యి."