కింద ఎవరున్నారు

“మొదట నా దగ్గర ఉన్నవి పధ్నాలుగు వందలు,” అన్నాడు నిచ్చెన. “అందులో తొమ్మిది వందలు పెట్టి ఒక పాత నిచ్చెన కొన్నాను. మూడొందలు తాడుకి పోయాయి. మిగిలిన రెండొందలూ జేబులోనే ఉంచుకున్నాను, పడితే ఆసుపత్రికి ఉండాలి కదా అని. ఇంతవరకూ పడలేదు. ఆ రెండొందలూ అలాగే ఉన్నాయి.”

టీకొట్టు పిన్ని పాలగిన్నె మీంచి తల ఎత్తలేదు. వాడు ఆవిడ అక్క కొడుకు. నిచ్చెన కొన్నమాట నిజమే, అది కొట్టు గోడకే ఆనించి ఉంది. దాన్ని భుజాన వేసుకుని వీధులన్నీ తిరుగుతాడు కాబట్టే వాడికి నిచ్చెన అనే పేరు వచ్చింది. దాని మీద ఎక్కగా మాత్రం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

తల ఎత్తితే ఆవిడకి బోర్డు కనబడుతుంది. అది ఆవిడకి ఇష్టం లేదు. కొట్టు పక్కనే రెండు ఇనుప స్తంభాల మీద, మూడంతస్తుల ఎత్తున, పళ్ళపొడి బోర్డు. ఎండకి రంగులన్నీ వెలిసిపోయి నవ్వొక్కటే మిగిలింది. ఒక్కో పన్ను తలుపంత ఉంటుంది. పెట్టినవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. అనుమతి ఉన్న బోర్డుకి స్తంభం మీద నంబరు రేకు ఉంటుంది, దీనికి లేదు. పోయిన గాలివానకి పై ఫ్రేము వదులై నిమ్మకాయంత బోల్టు ఒకటి ఊడి బల్ల మీద పడింది. పక్క కొట్టు దర్జీ అప్పుడే సూదికోసం లేచి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. ఆ బోల్టుని పిన్ని పంచదార డబ్బా పక్కనే పెట్టుకుంది.

ఊరినిండా ఇలాంటి బోర్డులే. మునిసిపాలిటీ వాళ్ళు నోటీసులు అంటిస్తే నోటీసుల మీద ఇంకో బోర్డు వెలిసింది. మనుషుల్ని పంపి పీకిస్తే పీకిన చోటే కొత్తది మొలిచింది. జరిమానా వేద్దామంటే వేయించుకునే మనిషి దొరకడు. చివరికి విసిగిపోయి, ఎవరైనా ఇద్దరు కలిసి సంతకాలు పెట్టి దించుకుంటే ఇనుము వాళ్ళదే అని చాటించారు. ఇద్దరెందుకంటే, పైవాడు విప్పాలి, కిందవాడు తాడు పట్టుకుని దించాలి. ఒంటరివాడికి అనుమతి లేదు. దించేవాళ్ళు దొరకని బోర్డుల కింద ఉన్న కొట్లు మాత్రం ఎత్తేస్తారు. ఇవాళ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వస్తాడు. అప్పటికి బోర్డు ఉంటే టీకొట్టు ఉండదు.

నిచ్చెన తన సంతకం పెట్టేశాడు. రెండోదానికి చోటు ఖాళీగా ఉంది. దానికోసమే పొద్దున్నే వెల్డరుని పిలిపించారు.

వెల్డరు బల్ల చివర కూర్చుని ఉన్నాడు. బోర్డుల పనిలోనే తల నెరిసినవాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. కింద నిలబడి తాడు పట్టుకున్న రోజున పైవాడు చూడకుండా వదిలేసిన ఇనుపకమ్మీ చేసిన పని అది. అప్పట్నుంచి ఆయన ఎవరి కిందా నిలబడలేదు. ముందున్న టీ గ్లాసు ఇంకా ముట్టుకోలేదు.

“ఇంతకుముందు దించావా అబ్బాయ్?” అని ఒక్కమాట అడిగాడాయన. అంతే, నిచ్చెన మొదలుపెట్టాడు. నవ్వుతూ కాదు, ఎవరింట్లోనో చావు కబురు చెబుతున్నంత గంభీరంగా.

“గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు మామా. మొదటిది చిన్నదే. ట్యూషన్ల బోర్డు, మంచమంత ఉంటుంది, కరెంటు స్తంభానికి కట్టారు. ఎక్కాను, కట్లు విప్పాను, దించబోతూ కిందికి చూద్దును కదా, ఒక పెద్దాయన స్తంభానికి ఆనుకుని పేపరు చదువుకుంటున్నాడు. అయ్యా, కాస్త జరగండి అన్నాను. ఈ పేజీ అయ్యాక జరుగుతానన్నాడు. ఏం చేస్తాం, పెద్దవాళ్ళు. బోర్డు ఒంటిచేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.”

“ఎంతసేపురా?” అన్నాడు ఎదురుగా టీ తాగుతున్న దర్జీ.

“సంపాదకీయం ఉండే పేజీ బాబాయ్. ఆయన నిదానంగా చదివే మనిషి.”

పిన్ని ఇంకో గ్లాసు కడిగింది, కడిగిందే మళ్ళీ కడిగింది.

“రెండోది పెద్ద రోడ్డు మలుపులో. నలభై అడుగుల ఎత్తు. నా నిచ్చెన పన్నెండు. లెక్క చూసుకుంటే ఇరవై ఎనిమిది అడుగులు తక్కువ. ఇంకొకడైతే ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకునేవాడు. నేను పై మెట్టుదాకా ఎక్కి, కింద ఎవరైనా ఉన్నారా అని చూసుకున్నాను. చంటిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ రోడ్డు దాటుతోంది. దాటేదాకా ఆగాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? వంగి, నిచ్చెన కింది కొస అందుకుని, నిచ్చెనని పైకి లాక్కున్నాను. లాక్కుని నా తల మీంచి నిలబెట్టి మళ్ళీ ఎక్కాను. అలా మూడుసార్లు. ఎనిమిది అడుగులు మిగిలాయి కూడా.”

“నిచ్చెన పైకి లాగినప్పుడు నువ్వు దేనిమీద నిలబడ్డావురా?”

“తొందరపడకు బాబాయ్. నిచ్చెన మీదే.”

“అది నీ చేతిలో ఉంది కదా.”

“అందుకేగా గట్టిగా పట్టుకున్నాను.”

దర్జీ మెడలోని టేపు సర్దుకున్నాడు. “పుట్టి బుద్ధెరిగాక కొలతలు తప్ప ఇంకోటి ఎరగను,” అన్నాడు వెల్డరుతో. “ఇంతలా సాగే బట్ట మాత్రం ఏ కొట్లోనూ చూడలేదు.”

వెల్డరు పిన్ని వైపు తిరిగాడు. “నువ్వు చూశావా చెల్లీ, వీడు పని చేస్తుంటే?”

ఆవిడ చేతిలో గంటె ఆగింది. అవునంటే ఒక మాటతో పోతుంది. కొట్టు నిలుస్తుంది. కానీ అబద్ధమాడి ఒక మనిషిని ఆ బోర్డు కింద నిలబెట్టాలి, అదీ ఆ చేతితో.

“నేను కొట్టు వదిలి ఎక్కడికి వెళ్తానన్నయ్యా,” అంది.

ఆ మాట ఎటూ మొగ్గకుండా వదిలేసినందుకు నిచ్చెన ఆవిడకేసి ఒక్కసారి చూసి, మరింత గంభీరమైపోయాడు.

“అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది మామా. నాలుగు మూలలా నాలుగు బోల్టులు. మూడు విప్పాను. నాలుగోది విప్పేసరికి గాలి వచ్చింది. మామూలు గాలి కాదు, పెళ్ళాం పుట్టింటికి పోతుంటే మొగుడు వదిలే నిట్టూర్పు లాంటిది. ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. బోర్డు లేచింది, బోర్డుతో నేనూ లేచాను, నాతో నిచ్చెనా లేచింది, తొమ్మిది వందలు పెట్టి కొన్నది, వదిలేస్తానా? పైనుంచి చూస్తే ఊరు కనబడలేదు. బోర్డులే. నంబరు రేకు ఉన్నవి ఎండలో మెరుస్తున్నాయి, లేనివి మెరవడం లేదు. ఇంక వెతుక్కోవడం ఎందుకు? మెరవనివాటిని కాలితో తన్నుకుంటూ పోయాను. ఎలా పడితే అలా కాదు. ప్రతిదానికీ ముందు కిందికి చూడటం, జరగండమ్మా, జరగండయ్యా అని కేకెయ్యడం, అందరూ జరిగాక ఒక్క తన్ను. నాలుగు వందల పదకొండు.”

“నాలుగు వందల పది కాదూ?” అన్నాడు దర్జీ.

“పదకొండు. పదో పదకొండో తెలియకుండా చెబుతానా? అందులో ఒకటి ఆలస్యమైంది కూడా. సరిగ్గా దాని కింద బడి వదిలారు. ఒకడికి చెప్పు తెగింది, ఆగాడు. వాడు ఆగాడని ఇంకో నలుగురు ఆగారు. ఆ నలుగురూ ఆగారని బడంతా ఆగింది. ఏం చెయ్యను, ఆ బడి మీదే చుట్లు కొడుతూ ఉండిపోయాను, పొద్దు వాలేదాకా.”

వెల్డరు చూపు బల్ల మీంచి లేచి వాడి ముఖం మీద ఆగింది. నిచ్చెన గమనించలేదు. వాడి కళ్ళు ఎక్కడో పైనే ఉన్నాయి.

“ఇక నాలుగు వందల పన్నెండోది,” అని గొంతు తగ్గించాడు. “అది మబ్బు మీద ఉంది.”

“మబ్బుకి బోల్టులు ఎలా బిగించారట?”

“అదే నాకూ అంతు చిక్కలేదు బాబాయ్. బిగించినవాడి పనితనం మెచ్చుకోవాల్సిందే. నంబరు రేకు మాత్రం లేదు. విప్పేశాను. విప్పితే, దాని వెనక చందమామ ఉన్నాడు. ఎన్నాళ్ళుగా ఉన్నాడో పాపం. జనమంతా వీధుల్లోకి వచ్చి తలెత్తి చూసి, ఇది ఏ కంపెనీ బోర్డండీ, అనుమతి ఉందా అని అడిగారు.”

దర్జీ నవ్వాపుకోలేక గ్లాసు కింద పెట్టేశాడు. “అంతెత్తున కూడా కిందికి చూశావేంట్రా?”

“చూడకపోతే ఎలా? ఒక కొంగ ఉంది. జరగమ్మా అన్నాను. జరిగింది.”

పిన్నికీ నవ్వొచ్చింది, కానీ వెల్డరు నవ్వలేదు. కుడిచేత్తో గ్లాసుని బల్ల మీద కొంచెం పక్కకి జరిపాడు.

“ఫ్లెక్సీ ఎప్పుడు చీల్చావు?” అని అడిగాడు.

“ఆఁ?”

“ఫ్లెక్సీ. నాలుగు వందల పన్నెండు బోర్డులన్నావు కదా. దేనికైనా ముందు ఫ్లెక్సీ చీల్చావా అని.”

నిచ్చెన దర్జీ వైపు చూశాడు.

“బోర్డు దించేవాడు ముందు ఫ్లెక్సీ చీల్చి గాలికి దారి ఇస్తాడు,” అన్నాడు వెల్డరు. గొంతులో కోపం లేదు. “ఆ తర్వాతే బోల్టు మీద చెయ్యి వేస్తాడు. మొదటిరోజు పనిలోకి వచ్చినవాడికి మొట్టమొదట చెప్పేది అదే. నువ్వు ఊరినంతా దించావు గానీ ఒక్కదానికీ ఫ్లెక్సీ ముట్టుకోలేదు. అంటే నువ్వు దించింది ఒక్కటీ లేదు.”

రోడ్డు మీద ఏదో లారీ పోయింది. దాని అదురుకి పైన ఫ్రేములో ఎక్కడో ఇనుము కిర్రుమంది. ముగ్గురూ పైకి చూశారు. పిన్ని చూడలేదు. ఆవిడ స్టవ్వు కట్టేసింది. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, పాత చీర ముక్క పరిచి వాటిని దానిలో పెట్టడం మొదలుపెట్టింది. పంచదార డబ్బా మూత బిగించింది. బోల్టుని ఏం చెయ్యాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడింది.

“నిచ్చెన మాత్రం నిజంగానే కొన్నాను మామా,” అన్నాడు నిచ్చెన.

“తెలుసు. గోడకుంది.” వెల్డరు వాడివైపు తిరిగాడు. “ఆ పేపరు చదివే పెద్దాయన ఉన్నాడా?”

“లేడు.”

“చంటిపిల్ల తల్లి?”

వాడు తల అడ్డంగా ఊపాడు.

“చెప్పు తెగినవాడు?”

“వాడూ లేడు మామా. ఎవ్వరూ లేరు.”

“మరి వాళ్ళందర్నీ ఎందుకు తెచ్చిపెట్టావు? నీ గొప్పకి వాళ్ళతో పనిలేదే. ఎగిరావు, తన్నావు, చందమామని బయటికి లాగావు. వాళ్ళు లేకపోతే కథ ఇంకా జోరుగా పోయేది. ప్రతిసారీ మధ్యలో ఆపి కిందికెందుకు చూశావు?”

నిచ్చెన చాలాసేపు ఆలోచించాడు. ఈ ప్రశ్నకి వాడి దగ్గర తయారుగా ఏమీ లేదని పిన్నికి తెలిసిపోయింది. చిన్నప్పట్నుంచీ చూస్తోంది, తయారుగా ఉంటే వాడింతసేపు ఆగడు.

“ఏమో మామా,” అన్నాడు చివరికి. “పైనుంచి దించుతున్నాననుకుంటే, కింద ఎవరో ఒకరు ఉంటారు కదా.”

వెల్డరు చల్లారిపోయిన టీ అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

“నా చెయ్యి పాడుచేసినవాడు పనిమంతుడు,” అన్నాడు. “ఫ్లెక్సీ ముందే చీల్చేవాడు. బోల్టు ఏ వరసలో విప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కిందికి చూసేవాడు కాదు, అంతే. ఫ్లెక్సీ చీల్చడం నేను చెబితే వస్తుంది. ఇంకోటి చెబితే వచ్చేది కాదు.” పిన్ని వైపు చెయ్యి చాచాడు. “పెన్నుంటే ఇయ్యి చెల్లీ. ఆ గ్లాసులు కూడా బయటికి తియ్యి. పని అయ్యాక ఇంకో టీ పడాలి.”

పిన్నికి పెన్ను వెంటనే దొరకలేదు. దర్జీ చెవి మీది పెన్సిలు తీసిచ్చాడు. “కోటుకి గుర్తులు పెట్టేదే, అయినా పనికొస్తుంది,” అన్నాడు. వెల్డరు అది పక్కన పెట్టి, పెన్ను దొరికేదాకా ఆగి, సంతకం పెట్టాడు. సంచీలోంచి కొక్కెంలా వంగిన కత్తి తీసి నిచ్చెన చేతికిచ్చాడు.

“ముందు మూలలు ముట్టుకోకు. మధ్యలో, పళ్ళ దగ్గర చీల్చు. అక్కణ్ణుంచి రెండు పక్కలకీ. గాలి అవతలికి పోతోందని నీ ముఖానికి తెలిశాక నాకు చెప్పు. అప్పటిదాకా బోల్టు జోలికి పోతే కిందికి దిగి ఇంటికి పో.”

“అలాగే మామా.”

“భయంగా ఉందా?”

ఏదో పెద్దమాట వస్తుందని దర్జీ ముందుకి వంగాడు. నిచ్చెన నోరు తెరిచి, మూసి, “ఉంది,” అన్నాడు.

నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనించారు. అది అందని ఎత్తు నుంచి స్తంభానికే ఇనుప మెట్లున్నాయి. తాడు వాడి నడుముకి కట్టి, రెండో కొస వెల్డరు తన మంచిచేతికి చుట్టుకున్నాడు. పిన్ని బల్లని రోడ్డు అవతలికి లాగించింది. లాగించి, తనూ అవతలే నిలబడింది, చేతిలో బోల్టుతో. చాలాకాలానికి తల ఎత్తి చూసింది. వెలిసిపోయిన నవ్వు అక్కడే ఉంది.

వాడు కత్తి నడుముకి దోపుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండోకాలు ఇంకా నేల మీదే ఉంది. దాన్ని లేపబోతూ ఆగి, మెడ తిప్పి కిందికి చూశాడు.

“మామా,” అన్నాడు. “కాస్త జరుగు.”