చీటీ లేని ఎక్స్‌రే

హలో… ఆ, నేనే అక్కా. ఎక్స్‌రే గదిలోనే ఉన్నా. చెప్పు, బావ కళ్లు తెరిచాడా?…

ఎప్పుడు పోయాడు?…

అక్కా, ముందు కూర్చో. పక్కన ఎవరున్నారు?… ఆ నర్సమ్మ చెయ్యి పట్టుకుని కూర్చో. నేను బయల్దేరుతున్నా—

ఏంటి?… స్కానింగులో కనిపించిందన్నారా… ఎంతుందట ముల్లు?… గోరంతా… గొంతు కింద గుచ్చుకుని, చీము పట్టి, ఛాతీలోకి దిగిందా… ఆ. అర్థమైంది.

మా ఎక్స్‌రే మిషను పాడైందని ఎవరన్నారు నీకు?… లేదక్కా, నన్ను వెనకేసుకురాకు. మిషను బాగానే ఉంది. కాసేపు నా మాట విను. తర్వాత తిట్టు, కొట్టు, నీ ఇష్టం.

కొన్ని చేపల ముళ్లు ఎక్స్‌రేలో పడవు. మరీ సన్నవైతే అసలే పడవు… తెలుసు. నాకు తెలుసక్కా. ఫిల్ములో కనపడలేదంటే లోపల లేదని కాదు అని చదువులో మొదటి ఏడాదే చెప్తారు మాకు.

మరి లేదని ఎందుకన్నానా…

సోమవారం బయట నలభై మంది కూర్చున్నారు. బావని వెనక తలుపు నుంచి తీసుకొచ్చా. మనవాడికి లైనేంటి, చీటీ ఏంటి అనుకున్నా. చీటీ రాయిస్తే ఫిల్ము డాక్టరు దగ్గరికి వెళ్తుంది. రాయించలేదు కాబట్టి వెళ్లలేదు… లేదు, ఏ డాక్టరూ చూడలేదు. నేనే చూశా. తీయడం వరకే నా పని. చూసి చెప్పడం నా పని కాదు.

'ఇదుగో, ఇక్కడే, మింగితే గుచ్చుకుంటోంది' అని బావ వేలు పెట్టి మరీ చూపించాడు. నేను పెద్ద మొనగాడిలా ఫిల్ము లైటు ముందు పెట్టి, 'ఏం లేదు బావా, కాస్త గీసుకుపోయిందంతే, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది' అన్నా.

నవ్వాడక్కా. 'నా మొహం ఎలాగూ ఫోటోల్లో బాగా పడదు, గొంతైనా బాగా పడిందిరా బామ్మర్దీ' అన్నాడు…

ముక్కూ మొహం తెలియనివాడైతే బతికేవాడు. చీటీతో వచ్చేవాడు, డాక్టరు చూసేవారు, గొట్టం వేసి తీసేసేవారు. మనవాడు కాబట్టే—

ఏంటక్కా?… ఎన్ని ముద్దలు?… వద్దు మొర్రో అంటున్నా పెట్టావా… 'మా తమ్ముడు చూశాడు, ముల్లూ లేదు ఏం లేదు, నాటకాలాడకండి' అన్నావా…

లేదు. అక్కా, ఏడవకు, విను. నా మాట నమ్మి పెట్టావు. ఆ పాపం నాది. నీకు దణ్ణం పెడతా, నీ మీద వేసుకోకు… వేసుకోకే…

వద్దు, ఇప్పుడు పాపకివ్వకు ఫోను. దానితో నేనేం మాట్లాడను—

ఆ… బుజ్జితల్లీ. మావయ్యనే… వస్తున్నానమ్మా.

ఆ ఫోటోనా? నా దగ్గరే ఉంది… నాన్న గొంతులో ముల్లా?… లేదమ్మా, అందులో కనపళ్లేదు… అవును, ఉంది. ఉన్నా కనపళ్లేదు.

కాదురా. నాన్న నాటకం ఆడలేదు. అమ్మ ఏదో తెలియక అంది. నొప్పని నాన్న నిజమే చెప్పాడు…

మరి ముల్లు లేదని ఎవరు చెప్పారా…

నేనేనమ్మా.

హలో?… బుజ్జీ… హలో—