నాలుగో పేజీ ఆవిడ, ఐదో పేజీ ఆయన

ఈ వారం పేపరుకి నా కాలమ్ రాలేదని అలా గడియారం వైపు చూడకండి, ఓర్విల్ గారూ. రాలేదు. పోయిన వారమూ రాలేదు, అంతకు ముందు వారమూ రాలేదు. ఆ చోట మీరు గుమ్మడికాయల పోటీ ఫోటో వేసుకున్నారు. లోరెట్టా ఏమైందని ఎవరైనా అడిగారా? లేదు కదా.

గుమ్మడికాయే నయం లెండి. బరువెంతో సూటిగా చెప్పింది.

వచ్చే సోమవారం ఎన్నికలు. ఇరవై రెండేళ్ళుగా ఓటుకు ముందు వారం నా ఓటు ఎవరికో రాస్తూనే ఉన్నాను, తిట్లు తింటూనే ఉన్నాను. ఒకసారి ఎవడో నా కారు అద్దం మీద కోడిగుడ్డు కొట్టాడు, గుర్తుందా? ఎంత సంతోషపడ్డానో! చదివాకే కదా కొట్టాడు.

ఈసారి ఎవరి గురించి రాయను, చెప్పండి. డెన్నిస్ క్లాసెన్ గురించా? పన్నెండేళ్ళ నుంచి మన ఎమ్మెల్యే. ఆయన మాట్లాడుతుంటే వంటింట్లో ఫ్రిజ్ మోగుతున్నట్టుంటుంది. ఆగినప్పుడు గానీ, ఇంతసేపూ మోగిందని తెలీదు.

నవ్వకండి. ఆయన మీద పోటీ చేస్తున్నావిడ మాత్రం తక్కువా? రోండా బిలెట్స్కీ. నగరం నుంచి దిగింది. కొత్త రబ్బరు బూట్లేసుకుని గోధుమ చేలో ఫోటో దిగింది. ఎవరి చేనమ్మా అని అడిగితే, "మన రైతులదండీ" అంది.

మాజీ సైనికుల లీజియన్ హాల్లో, సభ పెట్టి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాం కదా, గంటన్నర. "కుటుంబాలు ముఖ్యం" అన్నాడాయన. "నాకు కుటుంబాలే ముఖ్యం" అంది ఆవిడ. చప్పట్లు! ముందు వరసలో ముసలి వాసిల్ గురక పెట్టాడు. ఆ సభలో మనసులో మాట చెప్పింది ఆయనొక్కడే.

ఉండండి. ఫోన్ తర్వాత ఎత్తుదురు గాని. నేను చెప్పాల్సింది ఇది కాదు.

మా అమ్మాయి కలీనా సంగతి మీకు తెలుసు. ఏదో, తెలిసినంత తెలుసు.

కిందటి కిందటి ఆదివారం. సాయంత్రం ఆరుంబావు. కోతల దుమ్ముకి పిల్లకి ఊపిరందలేదు. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చింది, మూడుసార్లు పీల్చింది. ఆసుపత్రి మా ఇంటికి నాలుగు వీధులు. తలుపు మీద కాగితం అంటించి ఉంది. సిబ్బంది లేరు, ఆరింటి నుంచి ఎమర్జెన్సీ మూసివేత అని. పావుగంట, ఓర్విల్ గారూ. పావుగంట తేడా.

ఆ తలుపు బాదాను. ఎంతసేపో తెలీదు. ఆపైన పెద్దాసుపత్రికి తొంభై కిలోమీటర్లు. దారిలో పిల్ల పెదవుల రంగు...

వద్దులెండి. బతికింది. పదహారేళ్ళది, మాట రాక, చేత్తో నాకే సైగ చేసింది. మెల్లగా పోనివ్వమని.

మర్నాడు పొద్దున అటునుంచి అటే ఆఫీసుకొచ్చాను. మీరు ఇంటికి పొమ్మన్నారు. నేనే వినలేదు. అభ్యర్థుల పేజీలు కట్టాలి కదా! ఆరు ప్రశ్నలు, ఇద్దరి జవాబులు, ఎదురెదురు పేజీలు. ఎడమ పేజీ ఎవరిదో మీరు కర్లింగ్ ఆటలో గెలిచిన ఆ కప్పులో చీటీలేసి తీస్తారు, మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఈసారి రోండా చీటీ వచ్చింది. పేర్లు, ఫోటోలు మీరు అలాగే పెట్టారు. నాలుగో పేజీ ఆవిడ, ఐదో పేజీ ఆయన.

ఆ పేజీల్లో జవాబులు నేను పోశాను. పోయినసారి క్లాసెన్ ఎడమవైపు ఉన్నాడు. చెయ్యి అటే పోయింది.

అర్థమైందా? ఆయన జవాబులు ఆవిడ ఫోటో కింద. ఆవిడవి ఆయన కింద. గురువారం పేపరు ఊరంతా పంచేశాం.

ఏమిటా చూపు? మీకూ తెలీదు కదూ! ఎవరికీ తెలీదు. ఒక్క ఫోన్ రాలేదు. శనివారం చర్చి హాల్లో టర్కీ కోడి భోజనాలకి క్లాసెన్ వచ్చాడు. గ్రేవీ గరిటె నా చేతిలో ఉంది. "లోరెట్టా, నా మనసులో ఉన్నది ఉన్నట్టు వేశావమ్మా" అన్నాడు. పక్కనున్న ఒకావిడ, "మీరు ఇరవై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పారట, ఎప్పుడూ అనలేదేం?" అంది. పాఠాలు చెప్పింది రోండా! ఈయన విత్తనాలు అమ్మాడు. ఏమన్నాడో తెలుసా? "ఏదో, పిల్లలంటే ఇష్టం" అన్నాడు.

రోండా అయితే పువ్వుల బొమ్మ ఉన్న కార్డు పంపింది. కృతజ్ఞతలట.

కనిపెట్టింది మా కలీనా. ఆదివారం మంచం మీద పడుకుని పేపరు చదువుతోంది. "అమ్మా, వీళ్ళిద్దరూ తారుమారయ్యారు" అంది. నీకెలా తెలిసిందే అన్నాను. "చదివాను" అంది.

ఊరంతటినీ చూసి నవ్వుకుందామనుకున్నాను, ఓర్విల్ గారూ. క్లాసెన్‌నీ, రోండానీ, మిమ్మల్నీ. చదవని జనానికి రాయడమెందుకు, ఇక మానేస్తానని చెబుదామని కోటు కూడా వేసుకున్నాను.

అప్పుడు పిల్ల మళ్ళీ పిలిచింది. "అమ్మా, ఆరో ప్రశ్న చూడు."

ఆ ప్రశ్న నాదే. మన ఎమర్జెన్సీ ఎన్నింటికి మూస్తారో మీకు తెలుసా అని. రోండా ఏదో ఆశయాల గురించి రాసింది, పోనీండి. క్లాసెన్ రాశాడు, "ఈ ఊరి ఎమర్జెన్సీ ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది" అని. మన పేపర్లో. నాలుగో పేజీలో. నా చేత్తో.

"మనం కొట్టిన తలుపు ఇది కాదా?" అంది పిల్ల.

ముందు రోజు సాయంత్రం ఆ తలుపు బాదిన చెయ్యే ఇది. చూడండి, ఇక్కడ ఇంకా కమిలి ఉంది. ఈ చేత్తోనే ఆ మాట అచ్చుకి పంపాను. ఎందుకంటే నేనూ చదవలేదు. ఒక్క ముక్క చదవలేదు. ఇక్కడ తీసి అక్కడ పోశాను, అంతే. వీళ్ళు రాసేదాంట్లో చదవడానికేముంటుంది అనుకున్నాను.

ఐదు రోజులైంది ఆ పేపరు ఇళ్ళల్లో పడి. దాన్ని నమ్మి ఎవరైనా పిల్లని ఎత్తుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్తే?

ఇదిగో, సవరణ. ఆరు లైన్లు. మూడు వారాల్లో నేను రాసిందల్లా ఇదే. పదకొండో పేజీలో వేలం ప్రకటనల పక్కన పెడతానంటే ఊరుకోను. మొదటి పేజీ. మూసే వేళ పెద్దక్షరాల్లో. కింద నా పేరు.

నా ఓటా? చీటీలేసి తీస్తాను, మీ కప్పు ఇవ్వండి.

అచ్చుకి పంపేముందు మాత్రం ఒక్కసారి చదవండి, మీ కళ్ళతో. తప్పు దొర్లితే మా ఇంట్లో పట్టుకునే మనిషి ఒకతి ఉంది.