బుట్టబొమ్మోళ్ళ మాటలు

కోటిలింగం బొమ్మలో దూరేడంటే ఇంక మనిషి కాడంట. పదడుగుల బుట్టబొమ్మ అనుకో, వెదురుబద్దల మీద కాయితం గుజ్జు పూసి, చీర కట్టి, నెత్తిన తగరం కిరీటం పెట్టిన ఆడబొమ్మ. దాన్ని భుజాలకెత్తుకుని లోపల మనిషి ఆడాలి. జాతరల్లో మీరందరూ చూసే ఉంటారు. ఆ, చూసి నవ్వేసి ఉంటారు. లోపలోడికి ఏం కనపడుతుందో అడిగేరా ఎప్పుడైనా? బొమ్మ బొడ్డు దగ్గర జానెడు కంత ఉంటుంది, అంతే. అందులోంచి ముందున్నవాడి నడుం కనపడుతుంది. కింద వీధి కనపడదు, పైన ఆకాశం అసలే కనపడదు. మరెలా ఆడతాడూ అంటే, పెళ్ళాం కళ్ళతో ఆడతాడంట. ఆవిడ పేరు అచ్చాయమ్మ. బొమ్మ పక్కనే నడుస్తా, డప్పుల మోతలో కూడా వినపడేలాగ ఒక్కో మాట విసిరేదంట. అవి వాళ్ళ మాటలు. తాతలనాటి నుంచీ బొమ్మలాడించే నాలుగిళ్ళోళ్ళకే తెలిసిన మాటలు. పైన కరెంటు తీగుందనుకో, "అత్తగారు!" అనేది. అత్తగారొస్తే తల వంచాలి గదా, బొమ్మ చటుక్కున మోకాళ్ళ మీద కూలబడేది. కింద గొయ్యుందనుకో, "కుంచం!" అనేది. ఆగి, ఎడంకాలు చాపి తడుముకునేవాడు. తాగుబోతెవడైనా బొమ్మ చీర లాగడానికొస్తే "జోరీగ!" అనేది. గిర్రున తిరిగేవాడు, ఆ ఊపుకి తాగుబోతెళ్ళి కాలవలో పడేవాడు. ఇంత చాటు మాటలెందుకూ అంటారేమో. తాగుబోతొస్తున్నాడని తిన్నగా అరిస్తే వాడూరుకుంటాడా? ఊళ్ళో పెద్దింటి కొడుకై ఉంటాడు, మూతి పగలగొడతాడు. లేనోడి నోటికి చాటు కావాలి, అందుకని.

అలా నడిచిపోతుంటే ఏమైందంటే, ప్రెసిడెంటుగారి తమ్ముడి కొడుకు ఒకడున్నాడు, లోహిత్ అని. ఇంజినీరింగు కాలేజీ. ఫోనులో వీడియోలు పెడతాడు. ఆ బాబు ఒకరోజు టీకొట్టు దగ్గర కోటిలింగం పక్కన కూర్చున్నాడంట. బెంచీ మీదే, పక్కనే! "బాబాయ్, నీది మామూలు కళ కాదు, లోకానికి చూపించాలి" అన్నాడంట. వీళ్ళ తాతని ఆళ్ళ తాత గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు, ఇప్పుడు మనవడొచ్చి బాబాయ్ అంటున్నాడు. కోటిలింగం ఉబ్బిపోయేడు. ఒక టీకి అత్తగారినిచ్చేసేడు. రెండో టీకి కుంచం. మూడోది అల్లం టీ అనుకో, దానికి జోరీగనిచ్చేసేడు. ఇంటికొచ్చి గొప్పగా చెప్తే అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుంది. "మావా, నీ కళ్ళు పీకి ఆడి చేతిలో పెట్టొచ్చేవా?" అంది. "ఏడిసేవులే. మాటలెక్కడికి పోతాయే? ఊటబావిలో నీళ్ళు, తోడితే తగ్గుతాయా?" అన్నాడు ఈయన. "తగ్గవు. అందరూ దిగి కాళ్ళు కడిగితే మాత్రం మనం తాగలేం" అందంట.

పది రోజులు తిరక్కుండా ఆ మాటలు ఊరంతా పాకేసేయి. కాలేజీలో ప్రిన్సిపాలొస్తుంటే అత్తగారంట. పరీక్ష తప్పినోడు కుంచంలో పడ్డాడంట. ఆడపిల్లల వెనకాల బండేసుకు తిరిగేవాడు జోరీగంట. చొక్కాల మీద కూడా అచ్చేసేరంట. బొమ్మలోళ్ళ మాటలని ఎవడికీ తెలీదు, లోహిత్ భాష అన్నారు. అచ్చాయమ్మ కుళాయి దగ్గర ఏదో మాటల్లో కుంచం అనేసరికి, ఎవరింటి కోడలో "ఏంటి అచ్చాయమ్మా, నువ్వు కూడా లోహిత్ భాష నేర్చేసేవా?" అని పకపకా నవ్విందంట. అచ్చాయమ్మ బిందె నింపుకుని వచ్చేసింది.

గంగాలమ్మ జాతరొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఊరేగింపు. బొమ్మ వీధిలో అడుగు పెట్టిందో లేదో, గోడెక్కిన కుర్రాళ్ళు "అత్తగారు!" అన్నారు. బొమ్మ కూలబడింది. గొల్లున నవ్వేరు. లేచింది. "కుంచం!" కాలు చాపింది. మళ్ళీ నవ్వు. "జోరీగ!" గిర్రున తిరిగింది. "అత్తగారు!" మళ్ళీ కూలబడింది. పాతిక కిలోల బొమ్మ భుజాల మీద, పైన ఎండ, మోకాళ్ళు చెక్కుకుపోయేయి. "మీ అమ్మ కడుపు చల్లగా, అరవకండి బాబూ" అని అచ్చాయమ్మ బతిమాలుతుంటే, ఆ బతిమాలడం కూడా ఫోనులో తీసేడంట లోహిత్. ఎనిమిదోసారో తొమ్మిదోసారో కోటిలింగానికి తిక్క రేగింది. "ఇంక ఎవరరిచినా వంగను, గంగాలమ్మ అరిచినా వంగను" అనేసేడు లోపల్నుంచి. అనేసి, ఆడుకుంటా పోతున్నాడు.

రైసుమిల్లు మలుపులో ఏమైందంటే, రంగు బల్బులకని ఈ మేడ నుంచి ఆ మేడకి ఆ పూటే తీగ లాగి, పగలే వెలిగించి చూస్తున్నారు. మధ్యలో వేలాడుతోంది. అతుకేసిన చోట తొడుగు లేదు, రాగి తళతళా మెరుస్తోంది. బొమ్మ నెత్తిన చూస్తే తగరం కిరీటం. అది నిలబడ్డానికి లోపల ఇనప ఊచ. ఆ ఊచ కోటిలింగం చెమట చేతిలో. అచ్చాయమ్మ చూసింది. పరిగెడదామంటే మధ్యలో ముప్పైమంది ఎగురుతున్నారు, తోసినా దారివ్వరు. "అత్తగారు!" అని అరిచింది. గుంపంతా "అత్తగారూ!" అని అందుకుంది. బొమ్మ ఆగలేదు. "కుంచం!" అంది. "కుంచమో!" అన్నారు. "మావో, ఆగు మావో!" అంది. అదింకా కొత్త ఆట, ఆడగొంతు పెట్టి మరీ "మావో!" అన్నారు ముప్పైమందీ. ఇంకేం మిగిలింది చెప్పండి? తీగకింక పదడుగులు. ఎనిమిది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆవిడ మొగుడి పేరు నోటితో పలకలేదంట. రేషను కార్డుకి పేరు చెప్పమంటే, "శివుడు గుళ్ళో ఉండేది బాబూ, దాని ముందు వంద లచ్చలు చేర్చుకోండి" అని గుమాస్తాకి పొడుపుకథ వేసిందంట. అలాంటి మనిషి, ఒళ్ళంతా గొంతు చేసుకుని, "కోటిలింగం!" అని అరిచింది.

బొమ్మ నిలబడిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే. ఆ గొంతులో ఆ పేరు అతను ఎప్పుడు విన్నాడు గనక! సరిగ్గా అప్పుడే ఎవడో పేల్చిన కాయితాల గొట్టంలోంచి వెండి రిబ్బనొకటి ఎగిరెళ్ళి ఆ అతుకు మీద పడింది. నీలంగా మండింది, ఠప్పుమంది, బల్బులన్నీ ఆరిపోయేయి. డప్పులాగిపోయేయి. కిరీటానికీ తీగకీ మధ్య మూరెడు కూడా లేదంట. కోటిలింగం బొమ్మ దింపి బయటికొచ్చేడు. వచ్చి ఏమన్నాడనుకున్నారు? "ఏమే, నడివీధిలో నన్ను పేరెట్టి పిలుస్తావా?" అన్నాడు. బతికినందుకు కాదు, చూడండి! "పిలిచేను. నేను పిలవకపోతే పిండాల కాడ పిలిచేవాళ్ళు" అని ఆవిడ పైకి చూపించింది. ఈయన తలెత్తి చూసేడు. చూసి, అక్కడే దుమ్ములో కూర్చుండిపోయేడంట.

లోహిత్ సిగ్గుపడ్డాడా అంటే, పడ్డాడంట. సిగ్గుపడతా వీడియో తీసుకుని, అది కూడా పెట్టేడంట. మర్నాటి నుంచీ కుర్రాళ్ళు బండికి బ్రేకెయ్యమనడానికి "కోటిలింగం" అంటున్నారు. మీ పిల్లలూ అంటారు, వినండి. మరి బొమ్మ మానేసేరా వాళ్ళు అంటే, మానేస్తే తినేదేంటి? కొత్త మాటలు కట్టుకున్నారు. నాకందులో రెండు తెలుసు. దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాసేరు ఎర్రజెండాలోళ్ళు, బాగానే ఉంది. మోసేవాడిదే మాట అని ఏ గోడ మీదా చూళ్ళేదు నేను. నువ్వు రాసుకుంటున్నావు గదా బాబూ, ఇక్కడి దాకా రాసుకో. ఆ రెండు కొత్త మాటలూ మాత్రం అడక్కు.