షెహజాదీని తీసుకుపోయిన కాశీనాథం గారికి

సభకు పెద్దగా కూర్చున్న పశువైద్యురాలు ఉషా మేడమ్‌కు, రేపటి నుంచి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకోనక్కర్లేని మన అటవీ రేంజి ఆఫీసర్ కాశీనాథం గారికి, ఈ మనిషి ఇక పొద్దంతా ఇంట్లోనే ఉంటాడా అన్న దిగులు మొహంలో దాచుకోలేకపోతున్న రజిని గారికి, అటవీశాఖ సిబ్బందికి, సిద్దిపేట పెద్దలకు, మా బజారు మిత్రులకు, వెనక వరుసల్లో బగారా అన్నం వాసన ఎటు నుంచి వస్తోందో కనిపెట్టే పనిలో ఉన్న సోదరులకు, అందరికీ నమస్కారం, సలాం. (నవ్వులు)

నా పేరు హనీఫ్. పాత బస్టాండు దగ్గర గిన్నెల దుకాణం, దాని వెనకే ఇల్లు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా కాశీనాథం గారు తమకు చేసిన సాయం గురించి చెప్పారు. ఒకరి మోటారు దగ్గర కొండచిలువను పట్టించారు, ఒకరి పంటను అడవిపందుల నుంచి కాపాడారు. నాకు మాత్రం ఆయన ఏ సాయమూ చెయ్యలేదు. చేతులు పట్టుకుని అడిగినా చెయ్యలేదు. పైగా మా ఇంట్లోంచి ఒక ప్రాణిని తీసుకుపోయారు. అయినా ఈ సభలో మాట్లాడతానని నేనే అడిగి మరీ పేరు ఇచ్చాను. ఎందుకో చెబుతాను. మేడమ్ గడియారం చూస్తున్నారు. మేడమ్, ఈ కథలో మీరు కూడా వస్తారు, కాస్త ఓపిక పట్టండి. (నవ్వులు)

రెండేళ్ల కింద మా ఆవిడ బద్రున్నీసాకు మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆమె నడవలేదు. బతిమాలాను, కోప్పడ్డాను. “నొప్పి నీకా, నాకా?” అనేది. మంచం మీదే తిండి, మంచం మీదే నమాజు. బజారంతా వినబడేలా మాట్లాడే మనిషి మంచినీళ్లు కూడా సైగతో అడగడం మొదలుపెట్టింది. నాకు లోపల భయం పట్టుకుంది.

అప్పుడు మా అమ్మాయి హీబా ఒక బుట్ట తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. బుట్టలో పిల్లికూన. పొడవాటి కాళ్లు, కాళ్ల మీద చారలు, చెవుల కొసన నల్లటి కుచ్చులు. ఫోనులో చూసి కొన్నదట. అమ్మినవాడు, సగం ఆఫ్రికా అడవి రక్తం, సగం ఇంటి రక్తం, విదేశాల్లో గొప్పవాళ్లు పెంచే జాతి అని చెప్పాడట. బద్రున్నీసా దానికి షెహజాదీ అని పేరు పెట్టింది.

రాజకుమారి కదా, పిలిస్తే పలకదు. బీరువా ఎక్కి కూర్చుంటుంది. పొయ్యి మీది కోడికూరలో చెయ్యి పెడుతుంది. ఒకరోజు వేయించిన చేపముక్క నోట కరుచుకుని డాబా మీదికి ఉరికింది. “అరే షెహజాదీ! రుక్!” అంటూ బద్రున్నీసా వెంటపడింది. మెట్లు ఎక్కేసింది. కింద నిలబడి చూశాను. మోకాలు సంగతి ఆమెకు గుర్తు లేదు, గుర్తు చేసేంత తెలివితక్కువవాణ్ని నేను కాదు. (నవ్వులు) ఆరోజు నుంచి మా ఇంట్లో మళ్లీ కేకలు. అంత హాయిగా తిట్లు తిన్న మొగుణ్ని సిద్దిపేటలో చూసి ఉండరు.

అయితే ఆ పిల్లి పెరిగింది. పెరగడం ఆపలేదు. ఒక పొద్దున మా పక్కింటి పద్మమ్మ గారు వణుకుతూ వచ్చారు.

“హనీఫ్ భాయ్, మీ డాబ మీద పులిపిల్ల కూసున్నది!”

“పులి కాదు పద్మక్కా, పిల్లి.”

“గంత పిల్లి ఏడుంటది? నా దిక్కు సూసి ఆవలిచ్చింది. గా పండ్లు సూస్తే నా పానం పోయింది!”

పద్మమ్మ గారూ, తల దించుకోకండి. మీరు అటవీశాఖకు ఫోన్ చెయ్యడం తప్పు కాదు. కాకపోతే, చిరుతపులి వచ్చింది, దాని తల్లి కూడా గల్లీలోనే తిరుగుతోంది అని చెప్పడం కొంచెం ఎక్కువైంది. (నవ్వులు)

జీపు వచ్చింది, వల వచ్చింది, ఊరు ఊరంతా వచ్చింది. షెహజాదీ బెదిరి దుకాణంలోకి దూకి, పెళ్లి బిర్యానీలు వండే పెద్ద డేగిషాలో దూరింది. బద్రున్నీసా దాని మీద మూత పెట్టి, మూత మీద తానే కూర్చుంది. కాశీనాథం గారు లోపలికి వచ్చారు. డేగిషా లోపలి నుంచి గీకుతున్న చప్పుడు. ఆయన నా వంక చూశారు. నేను పైకప్పు వంక చూశాను.

“అక్కా, జెర లేస్తవా?”

“మోకాళ్ల నొప్పి సాబ్. డాక్టర్ లేవొద్దన్నడు.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన కోప్పడలేదు. ఇంకో డేగిషా బోర్లించి ఎదురుగా కూర్చున్నారు. చాయ్ తెప్పిస్తే తాగారు. తాగి, మెల్లగా అడిగారు.

“అక్కా, లోపట దానికి గాలి ఆడ్తున్నదా?”

అంతే, బద్రున్నీసా ఎగిరి లేచింది. మూత తీసింది.

వలవాళ్లను బయటే నిలబెట్టి ఆయన మాకు విషయం చెప్పారు. “ఆఫ్రికా పిల్లి అయితే కాగితాలు ఉండాలె, సర్కారుల నమోదు చేయించాలె. మన దేశపు అడవిపిల్లి రక్తమైతే ఇంట్ల సాదుకునుడు చట్టం ఒప్పదు. ఒట్టి ఇంటి పిల్లి అయితే మీ పిల్లి మీదే. ఏదో ఒకటి తేలాలె కద భాయ్. అమ్మినోనికి ఫోన్ గొట్టు.”

గొట్టాను. స్పీకర్ పెట్టాను. వాడు మొదట ఉత్సాహంగా ఆఫ్రికా అన్నాడు, రాజవంశం అన్నాడు. అప్పుడు కాశీనాథం గారు తానెవరో చెప్పారు. వాడి గొంతు ఏడుపులోకి దిగింది. “సార్, అది ఉత్త గల్లీ పిల్లి సార్! మోరీ కాడ దొరికింది సార్!”

నా ప్రాణం లేచి వచ్చింది. నేను మోసపోయాను, పిల్లి మాదే! కానీ మా ఆవిడ ఊరుకుంటేనా? ఫోను లాక్కుంది. “మేరీ షెహజాదీ కూ గల్లీ కీ బిల్లీ బోల్రా? దాని నడక సూసినవార నువ్వు? దాని చెవులు సూసినవా? అది పక్కా అడవి పిల్లే!” రేంజి ఆఫీసర్ ఎదురుగా నిలబడి మాకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెబుతోంది. ఊరుకోమని ఆమె కాలు తొక్కాను, అది ఆపరేషన్ అయిన కాలేమో అని భయపడ్డాను. (నవ్వులు)

ఉషా మేడమ్ వచ్చి పరీక్ష కోసం రక్తం తీశారు. షెహజాదీ కూడా మేడమ్ చేతి నుంచి కొంత రక్తం తీసింది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచి, బయటికి వదలొద్దన్నారు. ఆ రోజుల్లో నేను చేసిన దుఆ ఒకటే. యా అల్లా, ఆ వ్యాపారి నన్ను నిలువునా ముంచి ఉండాలి, ఒక్క నిజం కూడా చెప్పి ఉండకూడదు.

రిపోర్టు వచ్చింది. తండ్రి మామూలు ఇంటి పిల్లి. తల్లి మాత్రం అడవిపిల్లి. ఆఫ్రికాది కాదు, మన నంగునూరు దిక్కు మక్కచేలల్లో ఎలుకలు పట్టుకుని తిరిగే జాతి. అంటే వాడు నన్ను సగమే మోసం చేశాడు. నాకు పూర్తి మోసం కావలసి ఉండె. (నవ్వులు)

కాశీనాథం గారి చేతులు పట్టుకున్నాను. “సార్, ఇంటి పిల్లి అని రాయున్రి. ఎవరికి తెలుస్తది? మా ఆమె మల్ల మంచం పడ్తది సార్.” ఆయన నా చేతులు మెల్లగా విడిపించుకున్నారు. “పైవాళ్లను కూడా అడిగిన భాయ్, ఏమన్న తొవ్వ ఉన్నదేమో అని. లేదు. నీ ఇంట్ల అది బాగనే ఉన్నది, నాకు తెలుసు. కని నీకు ఇచ్చిన అంటే రేపు ప్రతోడు సగం రక్తం పిల్లి కావాలంటడు. గా సగం రక్తం యాడికెల్లి వస్తది? ఒక తల్లిని పట్టి బోనుల ఏస్తెనే వస్తది.”

షెహజాదీని హైదరాబాద్ జూకు తీసుకుపోయారు. బద్రున్నీసా మంచం ఎక్కింది. నేను కాశీనాథం గారు ఎదురుపడితే సలాం చెప్పడం మానేశాను. ఆయన దుకాణం ముందు నుంచి వెళుతుంటే గిన్నెలు గట్టిగా సర్దేవాణ్ని. పాపం, ఒక్కరోజూ దారి మార్చుకోలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన మా గడపలో నిలబడ్డారు. నాతో కాదు, లోపల మంచం వైపు చూస్తూ అన్నారు. “అక్కా, దాని తల్లి దొరికింది. వచ్చి సూస్తవా?”

చాలాసేపటికి మంచం కిర్రుమంది. బద్రున్నీసా గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

అమ్మినవాడి ఫోను నంబరు పట్టుకుని ఆయన కనిపెట్టిన షెడ్డు మన జిల్లా పొలిమేరలోనే ఉంది. వరసగా బోన్లు. చివరి బోనులో బక్కచిక్కిన అడవిపిల్లి. పొడవాటి కాళ్లు, చెవుల కొసన నల్లటి కుచ్చులు. అచ్చం షెహజాదీ. ఇనుప తీగలు కొరికి కొరికి కోరపళ్లు విరిగిపోయాయి. ఈతకు ఈత కూనల్ని లాగేసుకుని, మళ్లీ బోనులో పెట్టేవాడట. మమ్మల్ని చూసి అది అరవను కూడా అరవలేదు, మూలకు ఒదిగిపోయింది. క్షమించండి. నీళ్లు తాగుతాను.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో బద్రున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇంటి ముందు దిగాక అంది. “సాబ్, మీరు తీసుకపోయిందే కరెక్టు. నాకు తెల్వక మిమ్మల్ని శాపనార్థాలు పెట్టిన. అవి ఎనుకకు తీసుకుంటున్న.”

“గందుకేనా అక్కా, నా జీపు రోజు పంచరైతుండె?” అన్నారు కాశీనాథం గారు. (నవ్వులు)

అమ్మినవాడి మీద కేసు నడుస్తోంది. నేను సాక్షిని. షెహజాదీని చూడటానికి నెలకోసారి జూకు వెళతాం. బద్రున్నీసా అంత పెద్ద జూ అంతా నడుస్తుంది, బ్యాటరీ బండి ఎక్కమంటే నన్ను ఎక్కమంటుంది. ఇక ఆ తల్లిపిల్లిని ఉషా మేడమ్ నెలల తరబడి చూసుకున్నారు. పళ్లకు వైద్యం చేశారు, బతికిన ఎలుకల్ని పట్టడం మళ్లీ వచ్చిందని నమ్మకం కుదిరాకే అడవిలో వదలడానికి సరే అన్నారు.

వదిలిపెట్టిన పొద్దున మమ్మల్ని కూడా పిలిచారు. బోను తలుపు తాడు కాశీనాథం గారు బద్రున్నీసా చేతికిచ్చారు. ఆమె బిస్మిల్లా అని లాగింది. పిల్లి వెంటనే రాలేదు. తలుపు తెరిచి ఉందని దానికి నమ్మకం కలగలేదు. ముందు ముక్కు, తర్వాత ఒక కాలు. గడ్డి మీద కాలు పడగానే ఒక్క దూకు. అంతే, చెట్లలో కలిసిపోయింది. మా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

కాశీనాథం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు. “రిటైరైన నాడు నేను గిట్లనే పోవాలె అక్కా. ఎనుకకు మల్లి సూడకుండ.”

బద్రున్నీసా ఊరుకోలేదు. “దాన్ని మనుషులు సతాయించిన్రు సాబ్, గందుకే సూడలె. మీకేమైంది? మీరు మల్లి సూడాలె. మేమందరం ఈడనే ఉంటం.”

సార్, నేను చెప్పాలనుకున్నది కూడా అదే. ఇంతసేపు విన్న మీ అందరికీ, భోజనాలు ఆపి పెట్టిన వంటవాళ్లకు షుక్రియా. సెలవు.