సారా దించే సంబంధం

ఆనాటి చైనాలో, దాలియన్ రేవు వెనక వీధిలో సుయ్ అనే ఆవిడ ఇల్లు. సంబంధం తెచ్చిన లువాన్ చెప్పులు విడిచి, వెచ్చటి ఇటుక అరుగెక్కి కూర్చుంది. పొయ్యి దగ్గర సుయ్ పెళ్ళీడు కూతురు చిన్‌ఫెన్ మాంసం కుడుములు చుడుతోంది.

"లే అక్కా, లే! చెప్పులు తొడుక్కో. సారా దించేవాడికి నా పిల్లనివ్వను."

"సారా ఏంటే చెల్లీ? నేనన్నది సారం! ఫూ వాళ్ళ కుర్రాడు సోయా గింజల్లోంచి సారం దించుతాడన్నాను."

"నాకేం చెవుడు లేదు. మా ఆయన ఇలాగే జొన్న సారా చుక్క చుక్కా వేసుకుని, చివరికి చుక్కల్లో కలిశాడు. ఇప్పుడు కూతురిక్కూడా పగలే చుక్కలు చూపించనా?"

"అయ్యో, ఆ అబ్బాయి చుక్క ముట్టడే!"

"ముట్టడా? మొన్న చేపల సంతలో నా పక్కనుంచే వెళ్ళాడు. ఆ వాసనకి బుట్టలో చేప కూడా తూలింది!"

"అది ఫ్యాక్టరీ వాసన."

"నూనె ఫ్యాక్టరీలో సారా వాసనేంటి? మా నాన్నా నూనె తీసినవాడే. చెక్క చీలలు బిగించి, సుత్తితో కొట్టి గింజల్ని పిండేవాడు. ఒంటికి నూనె కంపే గానీ సారా కంపు ఎన్నడూ లేదు."

"అది పాత పద్ధతే తల్లీ. కొత్త ఫ్యాక్టరీలో సుత్తీ లేదు, చీలా లేదు. గింజల్ని రేకుల్లా నలగ్గొట్టి, వేడి వేడి సారా పోస్తారు."

"గింజలకా!"

"గింజలకే. తాగేది గింజలు, గింజుకునేది మనవాడు."

"ఆహా! తాగి నూనె కక్కుతాయా?"

"కడుపులో ఉన్నదంతా కక్కుతాయి, మీ ఆయనలాగే."

"మరి ఆ సారా అంతా?"

"ఆవిరి పట్టి మళ్ళీ పీపాల్లోకే."

"మధ్యలో ఓ గరిటెడు ఆ నూనూగు మీసాల కిందకి దిగదూ?"

"నూనూగు మీసాలకి అంటేది నూనే, చెల్లీ!"

"మాటలకి నూనె రాయకు. సారాలో కలిసిన నూనె మళ్ళీ ఎలా బయటికొస్తుంది? అది చెప్పు, నమ్ముతాను."

"అది... అంటే... నేను జంటల్ని కలుపుతాను గానీ, నూనెలు విడదీస్తానా?"

"చూశావా, తెలీదు! లే అక్కా."

"వేడి మీద కలిసిపోతుందమ్మా. చల్లారగానే విడిపోతుంది."

"నువ్వు కుడుముల సంగతి చూడవే, చిన్‌ఫెన్! వేడి మీద కలిసిపోయి, చల్లారాక విడిపోయేవాళ్ళని మగాళ్ళంటారు. నూనె అనరు."

"నిజమమ్మా! ఆ ఆవిరి అక్కడంతా ఉంటుంది. కోటుకి పడుతుంది, టోపీకి పడుతుంది, జుట్టుకి పడుతుంది. అంతే."

"విన్నావా చెల్లీ? నేనన్నది సారం, నువ్వు విన్నది సారా, అబ్బాయి కోటుకున్నది ఆవిరి! వీధంతా వినేలా ఇంకోసారి చెప్పనా?"

"ఊఁ... అయితే తాగడంటావు."

"తాగడమ్మా! నోట్లో బొత్తిగా వాసనే ఉండదు."

"నోట్లోనా?"

"అదీ... నీళ్ళు మరుగుతున్నాయమ్మా, కుడుములు వేసేస్తాను."

"మరుగుతున్నాయి, కనిపిస్తూనే ఉంది. అక్కా, ఆ చెప్పులు అక్కడే ఉండనీ, కూర్చో. మంచి రోజు చూడు, బాగా దగ్గర్లో. చల్లారకముందే."